తడి చూసే చెయ్యి

కుట్టు కొట్టు, కత్తిరింపు బల్ల
జనవరి 9

సిస్టరమ్మ అక్కకి,

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తాడేమిటి వీడు అనుకుంటూ నువ్వు కళ్ళజోడు వెతుక్కునేలోపు కారణం చెప్పేస్తాను. అమ్మ మంచం కొట్టు వెనక గదిలో వేశాం. మధ్యలో గోడ లేదు, ఒక తెర ఉందంతే. పక్షవాతం అమ్మ కుడి పక్కంతా పట్టుకుపోయింది, మాటలో సగం పట్టుకుపోయింది గానీ చెవుల జోలికి మాత్రం పోలేదు. నేను ఫోనులో ఎంత గుసగుసలాడినా లోపల్నుంచి "ఎవరి... గురించిరా?" అని వినపడుతుంది. ఆవిడ సంగతి ఆవిడ వినకుండా నీకు చెప్పాలంటే కాగితమే దిక్కు.

ఆస్పత్రి నుంచి తెచ్చి పది వారాలయింది. పొద్దున్న ఎనిమిదింటికి బడి ఆఫీసుకి వెళ్ళేదాకా నీ మరదలు చూసుకుంటుంది. తరవాత సాయంత్రం దాకా నేనే. మొదటిరోజు పక్క మార్చడానికి వెళ్తే అమ్మ ఎడమ చేత్తో దుప్పటి అంచు లాక్కుని ముఖం కప్పేసుకుంది. నేనేమో గోడవైపు చూస్తూ మార్చాను. ఇద్దరూ చూడకుండా చేసిన పని ఎంత బాగా కుదురుతుందో నీకు చెప్పాలా? ఇప్పటికీ అంతే. ముఖం కప్పుకున్నాక గానీ నన్ను దగ్గరికి రానివ్వదు.

కొన్న డైపర్లు తొడల దగ్గర ఒరుసుకుంటున్నాయని నేనే గుడ్డలు కుట్టాను. మెత్తటి పాత దుప్పట్లు ఏడు మడతలు, చుట్టూ డబుల్ కుట్టు, మడతలు జారకుండా నడిమధ్యన అడ్డంగా ఇంకో రెండు కుట్లు, గంజిపెట్టి ఇస్త్రీ. పెళ్ళికొడుకు కోటుకి కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండను. వాటి మీద పడుకున్నా అమ్మ ఎడమ చెయ్యి ఊరుకోదు. గంటకోసారి ఒంటి కిందికి పోనిచ్చి తడి చూసుకుంటుంది. తడి తగిలితే నోరు తెరిచి చెప్పదు, కళ్ళు మూసుకుంటుంది. దాన్నిబట్టి నేను కనిపెట్టాలి.

అసలు సంగతి ఇప్పుడు. నిన్న వెన్ను చివర ఎముక మీద నల్లగా కమిలి కనపడింది. నూనె రాసి బాగా రుద్దాను. మూత్రం కూడా ఈమధ్య ఘాటుగా వాసన వేస్తోంది. నీళ్ళు మాత్రం బుద్ధిగా తాగుతోంది, గ్లాసు ఎప్పుడు చూసినా ఖాళీయే. మంచి వార్త కూడా ఒకటుంది. కిటికీలో చచ్చిపోయిందనుకున్న మొక్క మళ్ళీ చిగురించి అరచేయంత ఆకులు వేసింది.

నువ్వెప్పుడొస్తున్నావు? ఆరు గంటల బస్సు ప్రయాణమే కదా.

నీ బొత్తాం


మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ
జనవరి 15

ఒరేయ్ బొత్తాం,

నాలుగేళ్ళప్పుడు చొక్కా గుండీ మింగినవాడివి, నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. తెలివి అంతా అప్పుడే మింగేశావు.

ఆ మచ్చ గుండ్రంగా ఉందా, గీతలా ఉందా? గీతలా ఉంటే అది రోగం కాదు, నీ పనితనం. నడిమధ్యన కుట్లు వేసి ఎముక మీద పెట్టావు. ఒళ్ళు కదపలేని మనిషికి దారపు ముడి కూడా గునపమేరా. ఆ గుడ్డ నీ కింద వేసుకుని కదలకుండా రెండు గంటలు పడుకుని చూడు, తెలుస్తుంది. గంజి ఎవరు పెట్టమన్నారు? గంజి గుడ్డ తడి పీల్చదు, గీరుకుంటుంది.

కమిలినచోట రుద్దకు. పైన చర్మం బాగానే ఉన్నా లోపల నలిగిపోతుంది. వేలితో మెల్లగా నొక్కి వదులు. రంగు పాలిపోయి మళ్ళీ వస్తే ఇంకా మన చేతిలో ఉన్నట్టే. నొక్కినా రంగు మారకపోతే లోపల దెబ్బ తగిలినట్టు. మన ఒంటి చాయకి ఎరుపు అంతగా తెలియదు కాబట్టి చేతి వెనకవైపు ఆనించి చూడు, చుట్టుపక్కలకన్నా అక్కడ వేడిగా గానీ గట్టిగా గానీ ఉందేమో.

రెండు గంటలకోసారి పక్కకి తిప్పు. పూర్తిగా తుంటి మీద పడుకోబెట్టకు. వీపు వెనక దిండు ఆనించి కొంచెం వాలుగా ఉంచు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడు. పైకి జరపాలంటే లాగొద్దు, కింద పరిచిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపండి. తడిసిన వెంటనే గోరువెచ్చటి నీళ్ళతో ముందునుంచి వెనక్కి కడిగి, గట్టిగా తుడవకుండా మెత్తటి గుడ్డతో అద్దు. ఆరాక జింకు ఆయింట్‌మెంటు పల్చగా రాయి. పౌడరు చల్లావో, నేనే వచ్చి నీ నెత్తిన చల్లుతాను. లేవగానే, తిన్న తరవాత, నిద్రకి ముందు బెడ్ ప్యాన్ పెట్టు. అడిగేదాకా ఆగకు, ఆవిడ అడగదు.

నీళ్ళు బుద్ధిగా తాగేవాళ్ళ మూత్రం అంత ఘాటుగా ఉండదు. కిటికీ అమ్మ ఎడమ చేతివైపే ఉంది కదూ? ఆ మొక్కకి నీళ్ళు ఎవరు పోస్తున్నారో కనుక్కో.

ముఖం కప్పుకుంటే కప్పుకోనీ. నువ్వు మాత్రం గోడవైపు చూడకు. చర్మం చూడకుండా చర్మాన్ని కాపాడలేవు. వార్డులో కొత్తగా చేరిన నర్సు పిల్లలకి మొదటిరోజే ఒకటి చెప్పేదాన్ని. "ఇందులో సిగ్గేముంది" అని నోటితో అంటే చాలదు, మన ముఖంలో కనపడాలి.

మోకాలు సలుపుతోంది. రావడం సంగతి తరవాత చూద్దాం.

అక్క


కుట్టు కొట్టు
ఫిబ్రవరి 2

అక్కా,

గీతే. స్కేలు పెట్టి గీసినట్టు నా కుట్టు అమ్మ ఒంటి మీద ఉంది. పన్నెండు గుడ్డలూ విప్పేశాను. నలభై ఏళ్ళుగా కుట్టు కనపడకుండా కుట్టడమే గొప్ప అనుకున్నాను, తగలకుండా కుట్టాలని ఇప్పుడు నేర్చుకున్నాను. కొత్తవి నాలుగే మడతలు. పైన ఒకే ముక్క, కుట్లన్నీ చుట్టూ అంచుల్లోనే. అంచులు ఒంటికి జానెడు దూరంలో పరుపు పక్కకి పోయేంత వెడల్పు పెట్టాను. నాలుగు రోజులకి మచ్చ పాలిపోవడం మొదలైంది. రుద్దడం మానేశాను, ఒట్టు.

ఇక మొక్క. సెలవురోజున నీ మరదల్ని కొట్లో కూర్చోబెట్టి ఉత్త మిషను తొక్కించాను. నేను తెర సందులోంచి చూస్తున్నాను. అమ్మ ఆ చప్పుడు విని, ఎడమ చేత్తో గ్లాసు ఎత్తి, ఒక్క చుక్క కింద పడకుండా కుండీలో వంచేసింది. ఆ గురి చూస్తే మనకే ముచ్చటేస్తుంది.

"ఏమిటే అమ్మా ఇది?" అన్నాను.

"మొక్క... ఎండిపోతోంది."

"నువ్వు ఎండిపోతున్నావు కదే!"

ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. తరవాత అంది. "తాగితే... తడుస్తుంది. తడిస్తే... నువ్వు మిషను దిగాలి."

నేను మిషను దిగకూడదని ఆవిడ దాహం చంపుకుంటోందక్కా. మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ తడి కూడా చెయ్యి పెట్టి చూసింది, నా చెంప కింద.

ఇప్పుడు ఒప్పందం చేసుకున్నాం. నేను టీ తాగినప్పుడల్లా ఆవిడ గ్లాసు నీళ్ళు తాగాలి, నేను చూస్తుండగా. నేనెన్ని టీలు తాగుతానో నీకు తెలుసు. వాసన తగ్గింది. గడియారం కూడా అక్కర్లేకుండా పోయింది. ఒక ప్యాంటు కుట్టడానికి నాకు రెండు గంటలు. ఒక ప్యాంటు ఎడమకి, ఇంకో ప్యాంటు కుడికి. "అమ్మా, ప్యాంటు అయింది" అంటే తిరగాలని ఆవిడకి తెలుసు. మొన్న ఒకాయన తన ప్యాంటు తొందరగా కావాలన్నాడు. "తొందరగా కుట్టలేనండీ, మా అమ్మకి నడుం నొప్పి పుడుతుంది" అన్నాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"పెద్దది... ఎప్పుడొస్తుంది?" అని రోజూ అడుగుతోంది. నేను నీ మోకాలి మీద తోసేస్తున్నాను. ఆ మోకాలు ఇంకెంతకాలం మోస్తుందో తెలియదు.

బొత్తాం


మూడో అంతస్తు
ఫిబ్రవరి 20

బొత్తాం నాయనా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వార్డులో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాను గానీ ప్యాంట్లతో మనిషిని తిప్పినవాణ్ణి చూడలేదు. అమ్మకి పాలు, పప్పు, గుడ్డు తగ్గకుండా చూడు. ఒంట్లో బలం లేకపోతే చర్మం మానదు.

నేను రావాలనే అనుకుంటున్నాను. కానీ ఆ బస్సు మధ్యలో మూడున్నర గంటలు ఎక్కడా ఆగదు. ఎండలు కూడా ముదురుతున్నాయి. ఇక్కడ కుళాయి బాగుచేయించే పని కూడా ఉంది. కాస్త కుదుటపడ్డాక వస్తాను.

నాకో చిన్న సాయం చెయ్యి. మా కింద అంతస్తులో ఒకావిడ ఉంది, నా ఈడుదే. పాపం, తుమ్మినా దగ్గినా నవ్వినా ఆవిడకి బట్ట తడుస్తోంది. ఏడాది నుంచీ అంతే. పార్కుకి వెళ్ళడం మానేసింది, ఎవరింటికీ వెళ్ళదు, కుర్చీలో కూర్చుంటే కింద తువ్వాలు వేసుకుంటుంది. బజారులో దొరికేవి ఆవిడకి కాలి దగ్గర కోసుకుపోతున్నాయి. అమ్మ గుడ్డల్లాగే, కుట్టు తగలకుండా, లోపల మెత్త మార్చుకునేలా ఆవిడకి నాలుగు లోదుస్తులు కుట్టి పంపుతావా? కొలతలు నేనే జాగ్రత్తగా తీశాను. నడుం ముప్ఫై ఏడు. సీటు నలభై మూడున్నర. కుడి తొడ ఇరవై మూడు, ఎడమ తొడ ఇరవై మూడున్నర.

ఎవరికీ చెప్పకు. ఆవిడకి చాలా సిగ్గు.

అక్క


కుట్టు కొట్టు
మార్చి 6

అక్కా,

పుండు తెరుచుకుంది.

తప్పు నాదే. బడి పిల్లల యూనిఫారాలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. చొక్కాలు గంటకొకటి కుడుతూ ప్యాంటు లెక్క మరిచిపోయాను. అన్నం పెట్టేటప్పుడు దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టిన మనిషిని నాలుగు గంటలు అలాగే వదిలేశాను. మెల్లగా కిందికి జారిపోయి, వెన్ను చివర చర్మం ఒరుసుకుపోయింది. చొక్కా గుండీ అంత. అమ్మ పిలవలేదు. మిషను చప్పుడు వినపడుతోంది కదా, పని పాడుచేయడం ఎందుకని ఊరుకుందట.

ఆస్పత్రి నర్సు వచ్చి చూసింది. రెండు రోజులకోసారి కట్టు మారుస్తోంది. ఒళ్ళు వెచ్చబడితే, చీము పడితే వెంటనే కబురు చేయమంది. నిన్న కాస్త వెచ్చగా ఉంటే నా ప్రాణం పోయినంత పనయింది. ఇవాళ తగ్గింది.

తప్పు నాది, కోపం మాత్రం నీ మీద. అమ్మ నిన్న "పెద్దది... రాదులే" అంది. ఎప్పుడొస్తుంది అని అడగలేదు, రాదులే అంది. నీకు మోకాలు, నీకు ఎండ, నీకు కుళాయి. ఉత్తరాల్లో వైద్యం ఎవరైనా చేస్తారు, దూరపు కొండలు నునుపే. కింద అంతస్తు ఆవిడ తొడలు కొలవడానికి తీరిక దొరికింది, కన్నతల్లి ముఖం చూడటానికి దొరకలేదు. ఆవిడ బట్టలు తీరికైనప్పుడు కుడతాను.

బొత్తాం


కుట్టు కొట్టు
మార్చి 10

అక్కా,

మొన్నటి ఉత్తరం పోస్టు డబ్బాలోంచి వెనక్కి లాగే వీలుంటే లాగేవాణ్ణి.

ఇవాళ పొద్దున్న కింద అంతస్తు ఆవిడ బట్టలు కత్తిరిద్దామని కూర్చున్నాను. సుద్దముక్కతో గీస్తూ ఎడమ తొడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. లేచి పాత కొలతల పుస్తకం తీశాను. నీ ఆస్పత్రి యూనిఫారాలు ముప్ఫై ఏళ్ళు కుట్టినవాణ్ణి నేనే కదా. నడుం కొంచెం పెరిగింది, సీటు పెరిగింది. కుడి ఎడమల మధ్య ఆ అర అంగుళం మాత్రం అలాగే ఉంది. గోడెక్కి దిగలేక ఏడుస్తున్న నన్ను దించబోయి పడి, కుడికాలు విరిగి, ఆరు నెలలు కట్టులో ఉండి సన్నబడిన కాలు అది. ఆ కాలు లోకంలో ఒక్క మనిషికే ఉంది. అబద్ధం చెప్పదలుచుకున్నవాళ్ళు దర్జీకి కొలతలు ఇవ్వకూడదక్కా.

మూడున్నర గంటలు ఆగని బస్సు. ఇప్పుడు అర్థమైంది. ముందే అర్థం కానందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

కింద అంతస్తు ఆవిడకి చెప్పు. నాలుగు కాదు, ఎనిమిది కుట్టాను. కాలి దగ్గర కుట్టు పైకి తిప్పాను, ఒంటికి తగిలేది ఒక్క మెత్తటి ముక్కే. మార్చిన మెత్త పెట్టుకోవడానికి లోపల రబ్బరు గుడ్డ వేసిన చిన్న సంచి కుట్టాను, చూసేవాళ్ళకి కళ్ళజోడు సంచి అనిపిస్తుంది. ఒకే బస్సులో రావక్కర్లేదని చెప్పు. రెండు గంటలకోసారి దిగి, తాపీగా టీ తాగి, ఇంకోటి ఎక్కి రావచ్చు. బస్సు కోసం నీళ్ళు మానేయొద్దని కూడా చెప్పు. మా అమ్మ అలాగే మానేస్తే ఏమయిందో ఆవిడకి బాగా తెలుసు. ఒకసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమను. ఇతరులకి చెప్పే మాట ఒక్కసారి తనకి కూడా చెప్పుకోమను, ఇందులో సిగ్గేముంది అని.

అమ్మకి నేనేమీ చెప్పలేదు. రా అక్కా.

నీ తమ్ముడు


మూడో అంతస్తు
మార్చి 17

తమ్ముడూ,

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే ఉంది నా సంగతి. నీ పుస్తకంలో నా కాలు ఉందన్న ధ్యాసే లేదు.

ఎన్ని వేల పక్కలు మార్చానో నాకే తెలియదురా. ఒక్కరినీ అసహ్యించుకోలేదు. నా కుర్చీ మొదటిసారి తడిసినప్పుడు మాత్రం తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. నీళ్ళు నేను కూడా తగ్గించాను. నీకు మొక్క గురించి అంత వెంటనే ఎలా చెప్పగలిగానో ఇప్పుడు తెలిసిందా? అమ్మ ఎదురుగా తడిసిపోతానేమోనని, పెద్దది కూడా ఇలా అయిపోయిందని ఆవిడ బాధపడుతుందేమోనని భయం. "రాదులే" అన్న మాట చదివాక ఆ భయం చిన్నదైపోయింది.

బట్టలు అందాయి. వేసుకుని బజారు దాకా నడిచి వచ్చాను, ఏడాది తరవాత. డాక్టరమ్మని కూడా కలిశాను. మూత్రం ఆపుకునే కండరాలు బిగించి వదిలే వ్యాయామాలు చెప్పింది. అవన్నీ నేను బాలింతలకి నేర్పినవే, బుద్ధిగా తలూపి వచ్చాను.

వచ్చే వారం గురువారం వస్తున్నాను, మూడు బస్సుల్లో. కిటికీ పక్కన నాకొక మడత మంచం వేసి ఉంచు.

అక్క


కుట్టు కొట్టు
ఏప్రిల్ 12

అక్కా,

నువ్వు వెళ్ళి వారమయింది. అమ్మ రోజూ మడత మంచం వైపు చూసి, తరవాత నా వైపు చూస్తుంది. పుండు కోటు గుండీ దాకా పెద్దదయ్యి నన్ను చంపింది కదా, నువ్వున్న పది రోజుల్లో మళ్ళీ చొక్కా గుండీ అయింది, ఇప్పుడు సూది బెజ్జం అంత ఉంది. నర్సు నన్ను మెచ్చుకుంది. మా అక్కని మెచ్చుకోండి అన్నాను.

ఒక సంగతి అడగాలి. అమ్మ ముఖం కప్పుకోవడం మానేసింది. పక్క మార్చేటప్పుడు నా వైపే చూస్తూ, ఇక్కడ ఇంకా తడి ఉంది, అక్కడ సరిగ్గా అద్దలేదు అని పని కూడా చెబుతోంది. ఐదు నెలలు నేను ఎంత బతిమాలినా కానిది పది రోజుల్లో ఎలా అయింది? ఏం మంత్రం వేశావు?

బొత్తాం


మూడో అంతస్తు
ఏప్రిల్ 19

ఒరేయ్ బొత్తాం,

మంత్రం వేసింది నేను కాదు.

నేను వచ్చిన మూడోరోజు మధ్యాహ్నం. నీ మరదలు ఆఫీసులో ఉంది, నువ్వు తెర అవతల ప్యాంటు కుడుతున్నావు. అమ్మని నా వైపు తిప్పి దిండ్లు సర్ది, నేను పక్కనే మడత మంచం మీద వాలాను. అలిసిపోయి ఉన్నానేమో, కన్ను మూతపడింది. నిద్రలో దగ్గినట్టున్నాను. మెలకువ వచ్చేసరికి నా నడుం కింద ఒక చెయ్యి కదులుతోంది.

అమ్మ ఎడమ చెయ్యి. పసిపిల్లలప్పుడు నీ కింద, నా కింద పెట్టి చూసిన చెయ్యే కదరా అది. అన్నేళ్ళ తరవాత కూడా దారి మరిచిపోలేదు. నాకు అరవై రెండేళ్ళని మాత్రం మరిచిపోయింది.

రెండు చేతులతో ముఖం కప్పేసుకున్నాను. అచ్చం ఆవిడలాగే, ఆ క్షణంలో నాకు తెలియలేదు.

అమ్మ మెల్లగా నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "తడిసింది... పెద్దదానా. లే. మార్చుకో." కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "సిగ్గేముంది... ఇందులో?"

అంతకుముందు రోజు ఆవిడకి పక్క మారుస్తూ నేనన్న మాట అది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. నవ్వితే ఇంకాస్త తడిసింది. ఆ మాట చెబితే అమ్మ కూడా నవ్వింది, సగం మూతితో. ఆ నవ్వు విని నువ్వు "ఏమైందే?" అని తెర అవతల్నుంచి కేకేశావు, గుర్తుందా? "ఏం లేదు, నీ ప్యాంటు కుట్టుకో" అన్నాను. ఆ గదిలోనే, అమ్మ ఎదురుగానే మార్చుకున్నాను.

మర్నాడు పొద్దున్న నువ్వు గుడ్డ మార్చడానికి వచ్చినప్పుడు ఆవిడ చెయ్యి అలవాటుగా దుప్పటి అంచు దాకా వెళ్ళింది. అంచు పట్టుకుని నా వైపు చూసింది. నేనూ ఆవిడ వైపే చూస్తున్నాను. అంచు వదిలేసింది.

వచ్చే నెల మళ్ళీ వస్తాను. మడత మంచం అక్కడే ఉంచు, అమ్మ చెయ్యి అందేంత దగ్గరగా.

అక్క